కళావస్తువుల కేటలాగ్‌లో సరైన పదం రాయడం ఎలా: మొదట్నుంచి చివరిదాకా

ఈమధ్య చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "తాతగారి కాలం సామాను ఉంది, విగ్రహాలు, పటాలు, పెట్టెలు అన్నీ కలిపి ఒక లిస్టు రాద్దామనుకుంటున్నాం, కానీ ఒక్కోదాన్ని ఏమని రాయాలి?" అని. భీమిలి నుంచి ఒకళ్ళు, వన్ టౌన్ నుంచి ఇద్దరు, కాలేజీలో చిన్న మ్యూజియం గది చూసుకునే ఒకావిడ, ఇలా వరసగా అడిగారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నా.

నేను విశాఖలో ఇళ్ళల్లో ఉన్న పాత కలెక్షన్లకి కేటలాగ్ రాస్తుంటాను. మొదట్లో ఒక ఇంట్లో మూడొందల దాకా వస్తువులు రాశాక, ఇత్తడివన్నీ ఒక్కచోట చూపించమన్నారు. ఎక్సెల్‌లో "ఇత్తడి" అని వెతికితే సగం కూడా రాలేదు, ఎందుకంటే ఒకచోట బ్రాస్ అని, ఇంకోచోట ఇత్తడిది అని, మరోచోట పసుపు లోహం అని రాసున్నాను. వచ్చినవాటిలో కూడా కొన్ని అసలు ఇత్తడే కాదు, కంచు. మొత్తం మళ్ళీ తీసి రాయాల్సొచ్చింది.

అప్పట్నుంచి ఒకటే రూలు పాటిస్తున్నా: కంటికి కనిపించి, అడిగితే చూపించగలిగినంత వరకే వివరంలోకి దిగాలి. రుజువు ఎక్కడ ఆగిందో పదం కూడా అక్కడే ఆగాలి. "ఇత్తడి" అని ఖాయంగా చెప్పలేకపోతే ఒక మెట్టు పైకెక్కి "రాగి మిశ్రమం" అని రాయండి. పెద్ద మ్యూజియంలు కూడా ఇలాగే రాస్తాయి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- 10 రెట్లు పెద్దగా చూపించే లూప్ (నగల షాపువాళ్ళు వాడేది)
- చిన్న టార్చి, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు వేయడానికి
- బట్టకొలత టేపు. స్టీల్ టేపు వద్దు, గీతలు పడతాయి
- చిన్న అయస్కాంతం, దారం కట్టి. వస్తువుకి తగలకుండా దగ్గరగా వేలాడదీస్తే చాలు
- పెన్సిల్, నూలు ట్యాగులు. మన ఊరి సముద్రపు గాలికి బాల్‌పెన్ ఇంకు పాకిపోతుంది, స్టీలు పిన్నులు తుప్పు పట్టి మరక చేస్తాయి
- నైట్రైల్ గ్లవ్స్

ఇంకో మాట, వస్తువు చూసేముందు తోమకండి. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేసి అప్పుడు నన్ను పిలిచినవాళ్ళు ఉన్నారు. ఆ తోముడులో పాత పూత, సన్నగా చెక్కిన అక్షరాలు, తయారుచేసిన గుర్తులు పోతాయి, ఏ పదం రాయాలో చెప్పే సాక్ష్యమే పోతుంది.

2. ఒక్కో గడికి ఒక్కటే ప్రశ్న

ఎక్కువమంది ఒకే గడిలో "పాత ఇత్తడి నటరాజ విగ్రహం, తంజావూరు, చాలా అందమైనది" అని రాసేస్తారు. ఇందులో చాలా వేరే వేరే సంగతులున్నాయి. విడగొట్టండి:

- ఇది ఏంటి? (విగ్రహం)
- ఇందులో ఎవరున్నారు, ఏముంది? (నటరాజ శివుడు)
- దేంతో చేశారు? (రాగి మిశ్రమం)
- ఎలా చేశారు? (పోతపోసినది)
- ఎవరు, ఎక్కడ, ఎప్పుడు?
- కొలతలు, ఏ స్థితిలో ఉంది?
- ఇంట్లోవాళ్ళు ఏం చెప్తున్నారు?

"అందమైన", "అరుదైన", "పురాతన" ఏ గడిలోనూ వద్దు. ముఖ్యంగా "పురాతన" విషయంలో జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు లాంటివి పురావస్తువులు, రాతప్రతులకైతే 75 ఏళ్ళే చాలు. చట్టంలో అంత బరువున్న మాటని మనం వర్ణనకోసం వాడేస్తే తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది పడేది ఇంటివాళ్ళే.

చివరి గడి, ఇంట్లోవాళ్ళు చెప్పేది, తప్పకుండా పెట్టండి. అది లేకపోతే వాళ్ళ మాట అంతా మెటీరియల్ గడిలోకి వచ్చేస్తుంది. "పంచలోహం" అన్నారు, అలాగే ఈ గడిలో రాయండి. మెటీరియల్ గడిలో మాత్రం రాగి మిశ్రమం అనే ఉండాలి, ఎందుకంటే ఐదు లోహాలున్నాయో లేదో చెప్పాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో లోహాల్ని గుర్తించే పద్ధతి) లాంటి పరీక్ష చేయాలి, కంటితో చూసి చెప్పే పని కాదు.

3. వస్తువు పేరు

ఇక్కడ రెండు పేర్లు రాయండి. ఒకటి అందరికీ అర్థమయ్యే జాతిపేరు, రెండోది ఇంట్లో పిలిచే పేరు.

మహారాణిపేటలో ఒక ఇంట్లో మూతకి మర ఉన్న చెంబు చూసి నేను "మూత ఉన్న పాత్ర" అని రాస్తుంటే పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏటి రాస్తన్నావు నాయనా, అది మరచెంబు, మా అత్త కాశీ ఎల్లినప్పుడు నీళ్ళు అట్టికెల్లింది" అంది. ఒక్క మాటలో వస్తువు పేరు, నిర్మాణం, వాడకం మూడూ వచ్చేశాయి. ఇంగ్లీషులో "వాటర్ పాట్" అని రాస్తే మరచెంబు, కూజా, బిందె, కాగు, గుండిగ అన్నీ ఒకటైపోతాయి. దీపపు సెమ్మెని "ల్యాంప్ స్టాండ్" అని, రాచ్చిప్పని "స్టోన్ బౌల్" అని మాత్రమే రాసి వదిలేసినా అంతే.

కాబట్టి: పాత్ర > చెంబు > మరచెంబు. మూడు మెట్లూ రాస్తే "పాత్రలు" అని వెతికేవాళ్ళకీ దొరుకుతుంది, "మరచెంబు" అని వెతికేవాళ్ళకీ దొరుకుతుంది.

4. మెటీరియల్: ఇక్కడ తొందరపడొద్దు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ టైం ఇవ్వండి.

లోహాలు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. కంచు అంటే రాగి, తగరం. శ్రీకాకుళం వైపు బుడితి సామాను చూస్తే ఈ రెండు పదాలూ కలిపి వాడేస్తుంటారు, మనం మాత్రం వేరుగా రాయాలి, తేల్చలేకపోతే రాగి మిశ్రమం. అయస్కాంతం లాగితే లోపల ఇనుము ఉందని, పైన పూత మాత్రమే అని అర్థం. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి, కాబట్టి దాన్ని "వెండి" గడిలో వేయకండి. బిద్రీ నల్లగా ఉంటుందని "ఇనుము మీద వెండి" అని రాసినవి చూశాను, అందులో అసలు లోహం జింకు, కొంచెం రాగి, దానిమీద వెండి పొదిగి ఉంటుంది.

దంతం, ఎముక, కొమ్ము. మన ఊరివాళ్ళకి ఇది మరీ అవసరం. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో దంతం పనితో కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసేవాళ్ళు, తర్వాత కాలంలో గంధపు చెక్క పెట్టెల మీద దంతం, కొమ్ము, తాబేటి చిప్ప రేకులు అతికించి చేశారు. అందుకే ఇక్కడ పాత ఇళ్ళల్లో తెల్లటి రేకు ఉన్న ప్రతి పెట్టెనీ "ఐవరీ బాక్స్" అనేస్తారు. లూప్‌తో చూడండి:

- ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద సన్నటి గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ వలలా కనిపిస్తాయి. నిలువుగా కోసిన పల్చటి రేకు మీద ఆ వల కనపడదు, అంచుల్లో చూడాలి
- ఎముక మీద చిన్న చిన్న నల్ల చుక్కలు, పొట్టి గీతలు ఉంటాయి, అవి రక్తనాళాల దారులు
- సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) లాంటి నకలు మీద గీతలు మరీ తిన్నగా, ఒకే దూరంలో ఉంటాయి

వేడి సూది పెట్టి చూడమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, దయచేసి చేయొద్దు, వస్తువుకి మచ్చ మిగిలిపోతుంది. తేలకపోతే "దంతం లేదా ఎముక" అని రాయండి. ఇది చట్టం సంగతి కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం అమ్మడం కొనడం నేరం, ఆ పదం కాగితం మీద పెట్టేముందు చూసి పెట్టాలి, నిజంగా దంతమే అయితే దాచి "తెల్లటి పదార్థం" అని రాయడం కూడా అంతే తప్పు.

చెక్క. రంగు చూసి "రోజ్‌వుడ్", "ఎబొనీ" అని రాసేయకండి, పాలిష్‌తో ఏ రంగైనా వస్తుంది. చెట్టు జాతి ఖాయంగా తెలియాలంటే మైక్రోస్కోప్ కింద చూడాలి. అప్పటిదాకా "ముదురు రంగు గట్టి చెక్క" చాలు. కానీ ఏటికొప్పాక బొమ్మ అని తయారీదారు రసీదు ఉంటే "అంకుడు కర్ర" అని, కొండపల్లి బొమ్మకైతే "తెల్లపొణికి" అని రాయొచ్చు, ఆ పనివాళ్ళు సంప్రదాయంగా వాడే కర్రలు అవే. రసీదు ఆధారంగా రాశామని పక్కన నోట్ పెట్టండి.

రాయి. నల్లగా ఉంటే గ్రానైట్, తెల్లగా ఉంటే పాలరాయి అని రాయడం అందరికీ అలవాటు. లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాల్ని వందేళ్ళకి పైగా "మార్బుల్స్" అని పిలిచారు, నిజానికి అది సున్నపురాయి. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే ఎర్రగోధుమ రంగు రాయి ఉంటుంది, దాన్ని "ఇసుకరాయి" అని రాసినవీ ఉన్నాయి. జియాలజీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చూపించండి, లేకపోతే "ఎర్రగోధుమ రంగు రాయి, గరుకు" అని కనిపించింది రాయండి. నిమ్మరసం, వెనిగర్ చుక్క వేసి పొంగుతుందా అని చూడొద్దు, సున్నపురాయి అయితే అక్కడ తినేస్తుంది.

5. ఎలా చేశారు: పక్కపక్కనే ఉండే పదాలు

ఇన్లే, వెనీర్. చెక్కలో గాడి తవ్వి అందులో దంతం ముక్క కూర్చితే ఇన్లే. చెక్క మొత్తాన్ని పల్చటి రేకుతో కప్పేస్తే వెనీర్. విశాఖ పెట్టెల్లో రెండూ ఉన్నాయి, ఒకే పెట్టెలో కూడా ఉండొచ్చు. వెనీర్ మీద సన్నటి నల్ల గీతలు కనిపిస్తే "పెయింటింగ్" అనకండి, టార్చి ఏటవాలుగా వేసి చూస్తే గీత లోతు తెలుస్తుంది, చెక్కిన గీతలో నల్ల లక్క నింపి ఉంటుంది. అప్పుడు రాయాల్సింది "దంతపు వెనీర్, చెక్కిన గీతల్లో లక్క నింపినది".

లక్క, రంగు. ఏటికొప్పాక బొమ్మకి "పెయింటెడ్ వుడ్" అని రాస్తే తప్పు. లేత్ మీద కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ నొక్కితే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, బ్రష్ పనే లేదు. కొండపల్లి బొమ్మ దీనికి పూర్తిగా వేరు, ముక్కలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన బ్రష్‌తో రంగు వేస్తారు. రెండిటికీ "వుడెన్ టాయ్" అని రాస్తే ఇద్దరి పనితనమూ ఆ ఒక్క మాటలో మాయమైపోతుంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కలంకారీ. ఒక్క పదంతో సరిపెట్టకండి. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసినది, మచిలీపట్నం, పెడన వైపుది చెక్క అచ్చులతో అద్దినది. అద్దినదాంట్లో ఒకే చిన్న లోపం సమాన దూరంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. చేత్తో గీసిన దాంట్లో ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. స్క్రీన్ ప్రింట్ అయితే చాలాసార్లు వెనకవైపుకి రంగు సరిగా దిగదు, అది "కలంకారీ డిజైన్, స్క్రీన్ ప్రింట్".

పటాలు. దేవుడి గదిలో ఫ్రేం కట్టిన లక్ష్మీదేవి, సరస్వతి పటాల్ని "రవివర్మ ఒరిజినల్ పెయింటింగ్" అని చూపిస్తారు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక ఆ బొమ్మలు అచ్చయి దేశమంతా వెళ్ళాయి, ఇళ్ళల్లో ఉన్నవి దాదాపు అన్నీ అచ్చువే. లూప్ పెట్టండి:

- క్రమం లేకుండా చల్లినట్టు చుక్కలుంటే క్రోమోలిథోగ్రాఫ్ (రాతి పలకల నుంచి అచ్చువేసిన రంగుల బొమ్మ)
- దానిమీద కాన్వాస్ గరుకు నొక్కి, వార్నిష్ వేసుంటే ఓలియోగ్రాఫ్. ముందు వైపు గుడ్డలా ఉంటుంది, వెనక్కి తిప్పితే కాగితం
- చుక్కలు పువ్వు ఆకారంలో క్రమంగా ఉంటే ఆఫ్‌సెట్ ప్రింట్, అంటే ఇంకా కొత్తది
- చుక్కలే లేకుండా రంగు బ్రష్ వెంట సాగుతూ ఉంటే అప్పుడు పెయింటింగ్

పెయింటింగ్ అయితే ఏ రంగు, దేనిమీద వేశారు రెండూ కలిపి రాయాలి: "కాన్వాస్ మీద ఆయిల్", "కాగితం మీద వాటర్‌కలర్". "మిక్స్‌డ్ మీడియా" అని రాసి తప్పించుకోవద్దు, ఏమేం కలిశాయో వరసగా రాయండి.

సవర గిరిజనుల చిత్రాల గురించి ఒక్క మాట. పుల్లల్లాంటి మనుషులు కనిపించగానే "వార్లీ" అని రాసేస్తున్నారు. వార్లీ మహారాష్ట్ర వాళ్ళది. మన ఉత్తరాంధ్ర సవరల బొమ్మకి వాళ్ళ పేరే ఉండాలి.

6. విగ్రహం వర్ణన: ఎవరి కుడి?

ఇది తప్పితే దేవుడే మారిపోతాడు. విష్ణువు ఇరవైనాలుగు రూపాలు శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఉన్నాయి అనేదాన్ని బట్టే వేరవుతాయి. మన ఎదురుగా ఉన్న విగ్రహం కుడి చెయ్యి మనకి ఎడమవైపు ఉంటుంది. అందుకని ఎప్పుడూ "విగ్రహం కుడి", "విగ్రహం ఎడమ" అని పూర్తిగా రాయండి, ఒట్టి "కుడి" వద్దు.

రాసే వరస:

- భంగిమ: స్థానక (నిలబడినది), ఆసీన (కూర్చున్నది), శయన (పడుకున్నది). నిలబడితే సమభంగమా (తిన్నగా), త్రిభంగమా (మూడు వంపులతో)
- చేతులు ఎన్ని. విగ్రహం వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ, ఇదే వరస ప్రతిసారీ
- ముద్ర: అభయ (భయం లేదన్నట్టు అరచెయ్యి పైకెత్తి), వరద (వరమిస్తున్నట్టు అరచెయ్యి కిందకి చాచి), కటిహస్త (చెయ్యి నడుం మీద)
- వాహనం, పీఠం, కిరీటం
- ఇవన్నీ రాశాకే దేవుడి పేరు

పేరు చివర రాయమనడానికి కారణం ఉంది. ముందే "వేంకటేశ్వరుడు" అని రాసేస్తే కళ్ళు కూడా అదే చూస్తాయి, చెయ్యి విరిగిపోయి ఆయుధం లేకపోయినా ఉన్నట్టే రాసేస్తాం. తేలకపోతే "నాలుగు చేతుల విష్ణురూపం" చాలు.

7. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

పేరు. మన ఇంటిపేరు ముందొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లు చివరి ముక్కని ఇంటిపేరు అనుకుంటాయి కాబట్టి చిత్రకారుడు దామెర్ల రామారావు కాస్తా "రావు, దామెర్ల రామ" అయిపోతాడు. ఒకే రూపం ఖాయం చేసుకోండి: దామెర్ల రామారావు, 1897–1925. మిగతా స్పెల్లింగులన్నీ పక్క గడిలో వేరే రూపాలుగా పెట్టండి, ఏది వెతికినా అక్కడికే రావాలి.

సంతకం లేకపోతే మెట్లు ఇవీ, కింది మెట్టుకి వెళ్ళేకొద్దీ నమ్మకం తగ్గుతుంది:

- ఫలానావారు గీసినది
- ఫలానావారిదని భావిస్తున్నది
- ఫలానావారి శిష్యులు లేదా వర్క్‌షాప్
- ఫలానావారి శైలిలో
- ఫలానావారి బొమ్మకి నకలు

ఊరు. లేబుల్ మీద "వైజాగపటం" అని, "వాల్తేరు" అని ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు లేబుల్ గడిలో కొట్టండి, స్థలం గడిలో విశాఖపట్నం. జిల్లాల విషయంలో కూడా చూసుకోండి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, అంతకుముందు రాసిన లిస్టుల్లో విశాఖ జిల్లా అనే ఉంటుంది.

కాలం. "పాతది", "బ్రిటిష్ టైం" వద్దు. "సుమారు 1900" అని రాసి, వెనక రెండు గళ్ళలో 1890, 1910 అని అంకెలు పెట్టండి. వెతుకులాటకి పనికొచ్చేది ఆ అంకెలే.

కొలతలు ఎత్తు × వెడల్పు × లోతు, సెంటీమీటర్లలో, ఇదే వరస. పటానికైతే బొమ్మ కొలత వేరు, ఫ్రేం కొలత వేరు.

స్థితి రాసేటప్పుడు: ఇనుముకే తుప్పు. రాగి, ఇత్తడి మీద పచ్చగా వచ్చేది చిలుము. రంగు ఊడితే "పెచ్చు ఊడింది", చెక్క విడితే "చీలింది". "డ్యామేజ్" అనే ఒక్క మాటతో ఏమీ తెలీదు.

8. మీ సొంత పదాల పట్టిక

పది వస్తువులు రాశాక ఆగి ఈ పట్టిక చేసుకోండి. మొత్తం అయ్యాక చేద్దామంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

1. ఎక్సెల్‌లో వేరే షీట్ తీసి, వాడిన ప్రతి పదం ఒక్కోసారి రాయండి.
2. ఒకే అర్థం ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోండి. ఇత్తడి, బ్రాస్, ఇత్తడిది: "ఇత్తడి" ఉంచి మిగతావి పక్కన "ఇవి వాడొద్దు" అని పెట్టండి.
3. ప్రతి పదానికి ఒక లైను అర్థం. "వెనీర్: చెక్కని కప్పే పల్చటి రేకు, గాడిలో కూర్చితే ఇన్లే చూడు."
4. అమెరికాలోని గెట్టి సంస్థ వాళ్ళ ఏఏటీ (ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థెసారస్) అనే కళా పదకోశం ఆన్‌లైన్‌లో ఉచితం. అక్కడ పదం వెతికి, కింద ఉన్న వివరణ తప్పకుండా చదివి, అది మీ వస్తువుకి సరిపోతేనే దాని నంబరు తెచ్చి పెట్టుకోండి. పెయింటింగ్స్‌కి 300033618. భాష ఏదైనా నంబరు ఒకటే, రేపు మీ లిస్టు ఏ మ్యూజియంకి ఇచ్చినా కలిసిపోతుంది.
5. మరచెంబు, సెమ్మె లాంటి మాటకి సరిగ్గా సరిపోయేది అక్కడ దొరక్కపోతే దగ్గరి పైమెట్టు నంబరు ఇచ్చి, మన పదం మాత్రం అలాగే ఉంచండి. నంబరు కోసం పదం మార్చొద్దు.
6. ఎక్సెల్‌లో డేటా వాలిడేషన్ పెట్టి, పట్టికలో పదాల్లోంచే ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ చేసేయండి. ఇక టైపింగ్ తప్పులుండవు.

9. పాత లిస్టు ఇప్పటికే తప్పుగా ఉంటే

చెరిపేయకండి. పాత పదాన్ని "మునుపటి వివరణ" గడిలోకి జరిపి, కొత్తది రాసి, తేదీ, ఎందుకు మార్చారో ఒక ముక్క పెట్టండి: "ఐవరీ అని ఉండేది, లూప్‌లో నల్ల చుక్కలు కనిపించాయి, ఎముకగా మార్చాం." పాత ఇన్సూరెన్స్ కాగితంలోనో, వీలునామాలోనో పాత పదమే ఉంటుంది, రెండూ ఒకే వస్తువు అని చెప్పేది ఈ గడి ఒక్కటే.

మార్చే వరస: ముందు మెటీరియల్, తర్వాత టెక్నిక్, తర్వాత పేరు. మెటీరియల్ మారితే మిగతావి చాలాసార్లు వాటంతటవే మారతాయి.

10. ప్రతి వస్తువు పక్కన పెట్టేముందు

- వస్తువు జాతిపేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ ఉన్నాయా?
- మెటీరియల్ పదానికి రుజువు ఏంటో ఒక్క వాక్యంలో చెప్పగలనా?
- టెక్నిక్ లూప్‌తో చూశాకే రాశానా?
- "కుడి", "ఎడమ" ముందు "విగ్రహం" అని ఉందా?
- కాలానికి రెండు అంకెలు ఉన్నాయా?
- ఇంట్లోవాళ్ళ మాట దాని గడిలోనే ఉందా?
- పదాలన్నీ పట్టికలోవేనా?

యాభై వస్తువులు అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ ఇంట్లో వస్తువులు బాగా తెలిసినవాళ్ళని ఒకర్ని పిలిచి, ఫొటోలు చూపించకుండా మీరు రాసిన లైన్లు చదివి వినిపించండి. ఏ వస్తువు అనేది వాళ్ళు గదిలోకి వెళ్ళి చేత్తో చూపించాలి. రెండు వస్తువుల మధ్య తడబడ్డారంటే ఆ రెండు లైన్లలో ఎక్కడో పదం చాల్లేదు, ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి మళ్ళీ లూప్ తీయండి.